సున్నా టికెట్టు

ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టాలన్నరు.
ఐదు లీటర్ల తెల్ల క్యాను, మూత మీద నా పేరు,
నా పేరు కింద ఆమె పేరు.
డ్యూటీల ఉండి ఎట్ల పట్టేది?
సెలవు పెట్టిన. కారణం అన్న గడిల
సొంత పని అని రాసిన.

మంగళ, గురు, శనివారాలు
అండాలు నా బస్సులనే డయాలిసిస్‌కు పోతది.
బోయిన్‌పల్లిల ఎక్కుతది, పంజాగుట్టల దిగుతది.
అడగకున్నా ఆధార్ కార్డు చూపిస్తది,
సున్నా టికెట్టు చింపి ఇస్త, ఆడోళ్లందరికి ఇచ్చినట్టే.
ఎడమ చేతి మీద కొంగు కప్పుకుంటది
రద్దీల ఎవరి మోచెయ్యి తగుల్తదో అని.
రాత్రి ఆ చేతికి చెవి ఆనిస్తే
లోపల గుయ్‌మని ఒకటే మోత,
డిపోల ఇంజను ఆపకుండ
డ్రైవరు చాయ్‌కి పోయినట్టు.

రక్తం గ్రూపు కలిసింది.
ఛాతి, గుండె, షుగరు, ఆఖరికి పండ్ల డాక్టరు గూడ.
నలభై ఆరేండ్లల్ల ఎవ్వరు నన్ను ఇంత శ్రద్ధగ చూడలే.
సూది గుచ్చే పిల్ల
"నరాలు మంచిగున్నయ్ అంకుల్" అంటే
సిగ్గులేకుంట సంబరపడ్డ.

ఆ తర్వాత డాక్టరమ్మ
అండాలును బయట కూసోబెట్టి తలుపు దగ్గరికేసింది.
"మీకు ఇష్టం లేకపోతే నాకు చెప్పండి.
సరిపడలేదని రాస్తాం. అంతే రాస్తాం.
ఎందుకన్నది మీ ఇంట్లో ఎవరికీ చెప్పం."
ఇష్టమే అన్న.
చిల్లర లెక్కబెట్టకుండ
జేబులేసుకున్నంత జల్దీగ అన్న.

స్కానింగు మిషను హిందీల మాట్లాడుతది.
సాంస్ రోకో, అన్నది.
బిగవట్టిన ఊపిరిల ఒక మాట దొరికింది:
పుట్టుకతోనే నాకు ఒక్కటుంటే బాగుండు.
ఎవ్వరిదీ తప్పు కాకపోవు.
సాంస్ ఛోడో.
ఊపిరి ఇడిచిన. మాట ఇడవలే.

రెండున్నయ్. రెండూ మంచిగున్నయ్.

కమిటీకి పెండ్లి ఫోటో కావాలంటే
సజ్జ మీది అట్టపెట్టె దించినం.
ఫోటోల నేను, మా బావ కోటుల,
చేతులు పొడుగై వేళ్లు కనవడ్తలేవు.
"ఆ కోటు వాపస్ ఇచ్చినవా?" అన్నది.
"లే."
నీళ్లు కొలుచుకొని తాగే మనిషి,
నవ్వి నవ్వి పొలమారింది.

లైటు తీసినంక, గోడదిక్కు తిరిగి:
"నా పక్క మంచం ఖైరున్నీసా చెప్పింది,
ఆమె మరిదికి సరిపడలేదట.
గట్లనే రాస్తరట, ఏమున్నా.
నువ్వు గసొంటి కాయితం తెస్తే
నేను నమ్ముత. ఎందుకని అడగ."

నేనేం అనలే.
మా ఇద్దరి నడుమ ఆమె చెయ్యి
మోగుతనే ఉన్నది.

గురువారం బోయిన్‌పల్లిల ఎక్కింది.
కార్డు చూపించింది.
టికెట్టు చింపి, తిరగేసి,
చిల్లర బాకీ రాసే కాడ
ఒకటి అని రాసి, సున్న చుట్టి ఇచ్చిన.
నా చేతులు వణికినయ్, అబద్ధమెందుకు,
బండి గుంతల పడ్డదనుకున్నరేమో.
చూసింది. నాలుగు మడతలు పెట్టి
గాజు కిందికి దోపుకున్నది.

వెనక సీట్ల ఎవరో ఒర్రుతున్నడు,
తన పదమూడు రూపాయలు ఎప్పుడిస్తవని.