పడేవాటిని ఆపే కుర్రాడు

ఇస్సేయ్‌కి ఇరవై ఆరేళ్లుగా పదమూడేళ్లే.
మోకాలి మీద అదే గీరుడు, బూటుకి అదే ఊడిన లేసు.
పడిపోతున్న దేన్నైనా ఆపగలడు:
పేలిన కొండ నెత్తిని, పట్టాలు తప్పిన రైలుని,
ఆరో అంతస్తు నుంచి జారిన పూలకుండీని.
"తొమారే!" అని అరుస్తాడు. ఆగు, అని.
ఆగుతుంది.
ఎంతసేపంటే, ఆ కేక ఉన్నంతసేపు.

స్టూడియో గోడ మీద ఒక వెలిసిన కాగితం.
అంటించినవాళ్లెవరూ ఇప్పుడిక్కడ లేరు.
వాడి హద్దులన్నీ అందులో ఉన్నాయి.
ఆపగలడు గానీ పైకెత్తలేడు.
నేల తాకినదాన్ని ఏమీ చెయ్యలేడు.
కన్నీటిబొట్టు మీద వాడి కేక చెల్లదు.
మూడో సీజన్లో ఒక్కసారి చెల్లింది,
పిల్లలు ఉత్తరాలు రాసి మరీ తిట్టారు.

ఆ కేక నియోకా తాజుకో గారిది.
అరవై నాలుగేళ్లు.
నెరిమాలో, నేలమాళిగ గదిలో,
చెప్పులు విడిచి మేజోళ్లతో మైకు ముందు నిలబడుతుంది,
గరగరలాడని పాత నూలు చొక్కాలో.
పేజీ తిప్పితే కాగితానికి కూడా తెలియదు.
అద్దానికి ఇవతల, మీటల ముందు నేను.
తెర మీద బొమ్మలకింకా రంగులు రాలేదు,
పెన్సిలు గీతల వంతెన, పెన్సిలు గీతల నది,
నోరనుకోవాల్సిన ఒక సున్నా.
ఆ సున్నాలోకి ఆమె ఊపిరి పోస్తుంది.

మొదటి ఏడాది టేపుల మీద రాసి ఉంది: పదకొండు సెకన్లు.
నేను పనిలో చేరేనాటికి తొమ్మిది.
ఈ చలికాలం, తేనెలో ఊరిన కరిన్ ముక్క చప్పరించి,
వేణ్ణీళ్లు తాగి, కళ్లు మూసుకుని,
ఏడు.

ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.
బొమ్మలు గీసేవాళ్లు మాత్రం రబ్బరు తీసి
వంతెనకి మూడు స్తంభాలు చెరిపేశారు.
నదిని సన్నం చేశారు.
బస్సులో నలభై మంది ఉండాల్సింది, ఇరవై ఇద్దరయ్యారు.
ఎదిగే పిల్లలకి బట్టలు వదులుగా కుట్టిస్తాం కదా,
దానికి తిరగేసి,
లోకాన్నే ఆమె ఊపిరికి బిగుతుగా కుట్టారు.

ఆమె చూసింది. చూడకుండా ఎలా ఉంటుంది?

ఆ సాయంత్రం షకుజీ స్టేషన్ మెట్ల మీద
ఆమె చేతిసంచి అడుగు తెగింది.
మికాన్ పళ్లు, పదో పన్నెండో,
టపటపమంటూ కిందికి.
కింద ఒక బడిపిల్లాడు, పసుపు టోపీ,
అరచెయ్యి చాపి, గొంతు చించుకుని
"తొమారే!" అన్నాడు.
ఆమె కేకే. ఆ చివరి చిన్న జీరతో సహా.

పళ్లు ఆగలేదు.
ఒకటి ఎవరి నల్లబూటు కిందో చితికింది.
పిల్లాడు కంగుతినలేదు.
కేక ఇంకా గాల్లో ఉండగానే పరుగు మొదలుపెట్టాడు,
వీపు మీద బడిసంచి మూత తెరుచుకుని ఎగురుతుంటే
గోడ వారన ఒకటి, టికెట్ గేటు దగ్గర రెండు.
"ఒకటి పోయిందండీ," అన్నాడు, ఒగరుస్తూ,
అదేదో తన తప్పయినట్టు.
ఆమె ముసలి గొంతుతోనే థాంక్స్ చెప్పింది.
వాడికేం తెలుసు!

తర్వాతి గురువారం.
ఏడు సెకన్లూ అయిపోయాయి.
మీట మీదికి నా వేలు వెళ్లేలోగా
హా, హా, హా, అద్దం అవతల ఏదో చప్పుడు.
మేజోళ్ల పాదాలు కదలట్లేదు,
భుజాలు మాత్రం పరుగెడుతున్నాయి.
స్క్రిప్టులో లేదు. పేజీ తిప్పి చూశాను, లేదు.
డైరెక్టర్ ఉరుమా గారు నా మణికట్టు పట్టుకున్నారు.
"ఉండనీ."

గీసేవాళ్లు రెండు రాత్రులు కూర్చున్నారు.
ఇప్పుడు వంతెన కూలుతూనే ఉంటుంది,
దాని కింద రెండు బక్క కాళ్లు.
ఇరవై ఇద్దరిలో ఎందరిని అందుకున్నాడో
ఈ వారం తేలదు.
లేసు ఇంకా ఊడే ఉంది.