నలభై ఏడో బల్ల

మొదటి ఇరవై బల్లలే ఫోన్‌లో కనిపిస్తాయట.
మా పైడితల్లిది నలభై ఏడు.
సాయంత్రం నాలుగున్నరకి అక్కడ గడియారం నొక్కుతారు,
ఇక్కడ నేను ఔటర్ హార్బర్ జెట్టీ మీద
తాడు కోసం తలెత్తి నిలబడతాను.

ఓడల్ని కట్టడం నా పని.
పైనుంచి సన్నతాడు విసురుతారు,
దాని వెనక లావుతాడొస్తుంది, నలుగురం లాగి
ఇనప గుంజకి తగిలిస్తాం.
పద్దెనిమిదేళ్ళుగా ఏ దేశమూ చూడలేదు గానీ
దేశాల జెండాలన్నీ వెనకవైపు నుంచి చూశాను.

పిల్లకి అక్షరాలకన్నా ముందు అవే నేర్పాను.
కోటవీధి మేడమీద ఎత్తుకుని, అదిగో, అన్నాను,
నాలుగు గడులు, రెండు చుక్కలు, పనామా.
మర్నాడూ పనామాయే. ఆ మర్నాడూ.
"ఎంత పెద్ద దేశం నాన్నా!"
చాలా పెద్దదమ్మా అన్నాను, నాకేం తెలుసు.

చదరంగం మాత్రం డ్రిల్లు మాస్టారు నేర్పారు.
చుట్టేసే ప్లాస్టిక్ బోర్డు, ముప్ఫై ఒక్క పావులు,
పోయిన నల్ల శకటానికి బదులు
నా స్కూటర్ స్పార్క్ ప్లగ్గు.
ఇంట్లో దాంతోనే ఆడి ఆడి
జిల్లా దాటింది, రాష్ట్రం దాటింది.

బతూమీ అన్నారు. నల్ల సముద్రం అన్నారు.
పన్నెండేళ్ళ లోపు ఆడపిల్లలు, ఖర్చు మీదే అన్నారు.
పీఎఫ్ లోను పెట్టాను.
నా పాస్‌పోర్టులో గరికిన కాస్తా గరిటె అయి కూర్చుంది,
రొయ్యల ఫ్యాక్టరీలో సెలవడిగి
వాళ్ళమ్మే విమానమెక్కింది.

దిగిన రోజే ఫోను:
"ఇదేటి సముద్రమయ్యా, ఇసకే నేదు, అన్నీ గులకరాళ్ళే.
నాలిక మీద ఏసుకు సూసినాను.
ఉప్పు సగమే."
ఆటగదిలోంచి అమ్మానాన్నల్ని పది నిమిషాల్లో పంపేస్తారట.
అందరూ అవే మెట్ల మీద కూర్చుంటారట.
పక్కన ఎవరో ముసలావిడ పొద్దుతిరుగుడు గింజలిస్తే
మా నూకరత్నం మాగాయ టెంక ఇచ్చిందట,
ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ చెయ్యి చాపిందట.

రాత్రి పదింటికి అంకెలొస్తాయి.
సున్నా. ఒకటి. సున్నా. సున్నా. ఒకటి.
ఏనుగు ఎక్కడ పోయిందో రాదు,
ఏ ఎత్తు దగ్గర గోరు కొరుక్కుందో రాదు.
నాలుగో రోజు తనే చెప్పింది,
"ఇక్కడి శకటం మరీ తేలిక నాన్నా,
అనుకున్న గడి దాటి పోతోంది చెయ్యి."

చివరి రౌండు జాబితా వచ్చింది.
గరికిన పి. ఎదురుగా
నాలుగు గడులు, రెండు చుక్కలు.
ఇన్ని ఓడల దేశం నుంచి
ఒక్క పిల్లే వచ్చిందట.

ఆ సాయంత్రం నా బెర్తులోనూ అదే జెండా.
ఎరువుల ఓడ. గాలికి తాడు చేతిలోంచి జారుతోంది.
కట్టేశాక, రెయిలింగు దగ్గర వంటవాడు సిగరెట్టు కాలుస్తుంటే
పనామా? అని వేలు చూపించాను.
నవ్వాడు. ఎన్నడూ చూళ్ళేదన్నట్టు చెయ్యి తిప్పాడు.
అతనిది ఫిలిప్పీన్స్, కెప్టెనుది ఇంకెక్కడో.
ఆ జెండా కింద ఆ జెండా మనిషే లేడు.

పదింటికి రాలేదు. పదిన్నరకీ రాలేదు.
పదకొండుకి
అర.

"రాజులిద్దరే మిగిలారు నాన్నా.
చేతులు కలిపాక, మీ జెండా రోజూ చూస్తానన్నాను,
నమ్మలేదు.
విశాఖపట్నం ఎక్కడంది.
ఎత్తులు రాసిన కాగితం వెనక గీశాను,
డాల్ఫిన్ ముక్కు కొండ, లైటుహౌసు, ఓడ,
కింద నువ్వు."

నన్నెలా గీశావే?

"చిన్న గీత.
చేతిలో తాడు."

అరవై రెండో స్థానం.
లోను ముప్ఫై ఆరు నెలలు.
ఆ కాగితం ఆ పిల్ల నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకుపోయిందట.