సుహైల్ పొడిచేదాక

మిరుగం ఇక్కడిదాక రాదు తమ్మీ.
రోహిణి వస్తది గాని, వస్తే నాలుగు నెలలు పోదు.
మిగిలిన కార్తెలన్నీ మస్కట్ ఎయిర్‌పోర్టులనే
ఆగిపోయినట్టున్నయి, వీసా దొరకక.

ఇగో, ఇదే మడి.
పదకొండు అడుగుల పొడుగు, మూడు అడుగుల అడ్డం,
మెస్సు గోడకు, తొమ్మిదో రూం ఏసీ డబ్బాకు నడుమ.
ఊరి పేరుల ఫలజ్ ఉన్నది. ఫలజ్ అంటే కాలువనట.
నాలుగేండ్లల్ల నేనైతే చూడలే.
మా కాలువ ఈ పైపే.
పదిమంది మొగోళ్ల ఊపిరిని రాత్రంత పిండి
ఏసీ బొట్టు బొట్టు కక్కుతది,
తెల్లారేసరికి బకెట్టుకు రెండేళ్లు తక్కువ.
చలికాలం ఏసీ బంద్. అప్పుడు బియ్యం కడిగిన నీళ్లే.

ఈ ఇసుకను మన్ను చేసింది ఆశన్న.
నాకంటె ముందు ఆ మంచం, ఈ మడి ఆయనయే.
మూడేండ్ల చాయ్‌పత్తి, గుడ్డుపెంకులు,
కుంజుమోన్ చేపలు కడిగిన నీళ్లు,
వాచ్‌మన్ దాద్ షా గోనెసంచిల తెచ్చిన మేకపెంటికలు.
ఒకనాడు వానపాము కనవడితే
అరచేతుల పెట్టుకొని రూంరూంకు తిరిగిండట
కొత్త ఫోను కొన్నోని లెక్క.

నేనొచ్చిన ఏడు ఆగస్టు ఆఖర్ల,
నాలుగున్నర బస్సుకు నిలవడితే
దాద్ షా నా గదువ పట్టి దక్షిణం దిక్కు తిప్పిండు.
క్రేన్ల లైట్లకు కింద ఒక్క చుక్క,
తడిసిన ఉప్పురాయి లెక్క.
"సుహైల్" అన్నడు. "ఇగ ఎండ నడుం ఇరిగింది."
మా తాత దాన్నే అగస్త్యుడు అనేటోడు,
సముద్రాన్ని దోసిట్ల పట్టి తాగినోడని.
నవ్వొచ్చింది నాకు.
మేం పోయే ప్లాంటుల రాత్రింబగళ్లు అదే పని:
సముద్రాన్ని తాగుడు, ఉప్పు కక్కుడు.
ముని జీతం ఎంతనో!

చుక్క పొడవంగనే గింజ వెయ్యకు.
నేను వేసిన. పుంటికూర మొలిచి,
అటిటు చూసి, రెండోనాడు మాడిపోయింది.
నలభై దినాలు ఆగాలె. అప్పుడు మెంతికూర, పుంటికూర.
నవంబర్‌ల టమాట. అంచుకు బంతి.
"తినరానిది ఎందుకురా?" అని రఫీకుల్ అడిగిండు.
శుక్రవారం ఫోటో దిగేటందుకు
అందరికంటె ముందు అక్కడ కూసున్నదీ ఆయనే.

సోరతీగ ఏసీ పైపు పట్టుకొని మీదికెక్కింది.
మాపటీలి తెల్లగ పూసేది, మేం డ్యూటీ దిగే యాళ్లకు.
పూసిన పువ్వు పూసినట్టే రాలేది.
తేనెటీగకు ఈ క్యాంపుకు గేట్‌పాస్ లేదు మరి.
ఒకనాడు టార్చి నోట్ల కరిచి, గ్రీజు వేళ్లతోనే
మగపువ్వు రేకులొలిచి ఆడపువ్వుకు అద్దిన.
టెక్ బహదూర్ తలుపుల నిలవడి
మంత్రాలు చదివిండు, లేకుంటె తిట్లు. నాకు నేపాలీ రాదు.

పిందె నిలవడ్డది.
పొద్దుకోపారి టేపు పెట్టి కొలిచినం.
కోసుకొని తిందామని పందొమ్మిది రూములు.
దుఖుమ్ సైటుకు పోయిన ఆశన్నకు ఫోటో పంపితే
ఒక్కటే మాట రాసిండు: "కొయ్యకు."
రాత్రిళ్లు నా పచ్చ జాకెట్ కప్పి దాచిన దాన్ని.
రెండో కాయ వండిండు కుంజుమోన్,
తలా రెండు ముక్కలొచ్చినయి.
ఉప్పు జర ఎక్కువైంది. ఎవ్వలు అనలే.

ఏప్రిల్ దాటితే ఆకులు అప్పడాలైతయి.
మే నెలంత బెండ కొట్లాడుతది, జూన్‌ల అదీ ఓడుతది.
గందుకే నీకు ఇయ్యాల ఉత్త ఇసుక చూపెడుతున్న.
నవ్వకు తమ్మీ.
నా కాగితాలు ఐతారంతోటి ఒడిసిపోతయి,
నువ్వేమో నిన్న దిగినవు.

ఇగో ఆ మొదటి కాయ, ఎండి బుర్రయింది.
ఊపు. ఇనవడ్డదా?
పొద్దుగాల బస్సుకాడ దక్షిణం చూస్తుండు,
ఇప్పుడైతే ఆడ ఏం లేదు.
బకెట్టు మాత్రం దినాం ఈ మడిలనే వంచు.
మొక్కలకు గాదు,
వానపాముకు.