పదకొండో నంబరు అద్దం

మూడో నాటి జపమాల. నాలుగో రహస్యం నడుస్తున్నది.
కాజీపేట గుడి మైదానంల
షామియానా కిందున్నోళ్లకన్న బయట ఎండలున్నోళ్లే ఎక్కువ.
నెక్కొండ నుంచి, జఫర్‌గఢ్ నుంచి
డీసీఎంలల్ల నిలబడి వచ్చినోళ్లు,
సద్ది డబ్బాలు ఒళ్లె పెట్టుకొని.

ముందుగాల ఎవరు అరిచిన్రో తెల్వదు.
మైకు కాడున్న ఉపదేశి జోజప్ప
ఒక వందనము సగంలనే ఇడిసిపెట్టిండు.
సూర్యుడు తిరుగుతుండు!
తలలన్నీ ఒక్కపారి పడమటికి,
గాలి మళ్లిన జొన్నచేను లెక్క.
గులాబి రంగన్నడొకాయన.
కాదు నీలం కొంగన్నది ఒక పిల్ల.
శాయంపేట రాయప్ప మోకాళ్లమీద పడ్డప్పుడు
జేబుల బీడీకట్ట జారిపడ్డది, ఎవరూ నవ్వలే.
యార్డుల గూడ్సు బండి కూతబెట్టి కూతబెట్టి పోయింది.

నా సంచిల రెండు వెల్డింగు అద్దాలున్నయి,
పదకొండో నంబరువి.
డీజిల్ షెడ్డుల ముప్పై నాలుగేండ్లు
నా కండ్లకూ నిప్పుకూ నడుమ నిలబడ్డయి.
రిటైరైన నాడు అన్నీ అప్పజెప్పిన, ఇవి అప్పజెప్పలే.
జోడించి చూసిన.
పచ్చగ, గోలీ అంత,
అంచు చెదరకుంట ఉన్నడు.
తిరగలే. దిగలే.
డ్యూటీల ఉన్నోని లెక్క ఉన్నడు.

అక్కకు అందిచ్చిన.
లూర్దక్క మోచేత్తోని నెట్టేసింది:
"అద్దంలకెల్లి చూస్తే తల్లి కాదురా,
తల్లి ఫోటో."
రెప్ప కొట్టకుంట చూసింది.
నీళ్లు గదుమ దాక కారుతున్నా చూసింది.
శౌరి బావను మట్టిల పెట్టిన నాడు గూడ
ఆ మొఖం అంత తడవలే.

తెల్లారి చాయ గిలాసల పొయ్యబోయి పక్కన పోసింది.
నా దిక్కు చూసి,
"నీ ముక్కేదిరా" అన్నది, నవ్వుకుంటనే.

హన్మకొండ డాక్టరు ఆమెను తిట్టలే, నన్ను తిట్టిండు.
కంటి ఎనుక బొమ్మ తీసి, ఇగో, ఇక్కడ కాలింది అన్నడు.
చుక్క. మిరియం గింజంత గూడ లేదు.
అక్క ఎటు చూస్తే అటు పోతది ఇప్పుడది:
బియ్యంల రాళ్ల మీదికి, బస్సు నంబరు మీదికి,
మనుమరాలి పండ్ల సందు మీదికి.
జపమాల పూసలంటవా, అవి వేళ్లు చూసుకుంటయి.

ఫాదర్ కాయితం పంపిండు.
చూసినోళ్లు రాయాల్నట, మేత్రాసనానికి పోతదట.
అక్క చెప్తుంటే నేనే రాసిన.
తిరిగింది. రంగులు మారింది. తల్లి చెయ్యి లేపింది.
ఒక్క అచ్చరం కలపలే, ఒక్కటి తియ్యలే.
కింద ఇంకో గీత ఉన్నది, సాక్షి పేరుకు.
కాయితం ఇంకా బైబిల్ల మడిచే ఉన్నది.

పనిల చేరిన కొత్తల
ఆర్కు కొట్టి, రాత్రంత కండ్లల్ల ఇసుక పోసినట్టుండేది.
అక్క ఆలుగడ్డ పల్చగ కోసి రెప్పలమీద పెట్టేది.
ఊకో అని అనకపోయేది.
పక్కన కూసుండి పూసలు తిప్పుకునేది.
కోడి కూసే యాళ్లకు తగ్గేది,
ఆలుగడ్డకో, జపానికో,
నేనెన్నడూ అడగలే.

ఇయ్యాల కత్తి నా చేతిలున్నది.
ఇది తగ్గే మంట కాదని తెల్సి గూడ కోస్తున్న.
"సన్నగ కొయ్యిరా" అంటది.
పండుకొని, కండ్లు మూసుకొని,
"మూసినా అగుపడుతున్నది" అంటది.

ఏంది అక్కా అని
అడగబుద్ధైతది.
ఇంకో ముక్క కోస్త.