దంత్యాలు

పర్లాకిమిడి బస్టాండు వెనక, మేడమెట్ల కింద
మా క్లినిక్కు.
బోర్డు మీద ఒడియా పెద్దది, తెలుగు చిన్నది,
పన్ను బొమ్మ మాత్రం రెండు భాషల్లోనూ నవ్వుతుంది.

నేను డాక్టర్ని కాను.
గ్లాసులో నీళ్ళు పోస్తాను, దీపం వంచుతాను.
సస్మితా పాఢి మేడమ్ ఒడియాలో అడిగింది
తెలుగులో అడుగుతాను,
వీళ్ళు తెలుగులో మూలిగింది
ఒడియాలో చెబుతాను.

నొప్పికి భాష ఉండదంటారు. అబద్ధం.
కాశీనగర్ కుర్రాడికి జివ్వుమంటుంది: పుచ్చు.
లారీ నడిపే త్రినాథకి పోటు: జ్ఞానదంతం
అడ్డంగా పడుకుని లెగనంటోంది.
గుడాఖు రుద్దుకుని వచ్చే పిన్నమ్మకి సలపరం: చిగురు కింద చీము.
ఈ మూడు మాటలూ మేడమ్‌కి నేర్పడానికి
రెండేళ్ళు పట్టింది నాకు.
ఇప్పుడామె ఎక్స్‌రే కన్నా ముందు
నా మొహం చూస్తుంది.

రూట్ కెనాల్ అంటే ఏటమ్మా అని అడిగితే
"పన్ను సస్తాది గానీ ఇల్లు కాళీ సెయ్యదు" అంటాను.
నవ్వుతారు. నోరు తెరుస్తారు. మాకు కావలసిందదే.

పేడాడ దాలమ్మ నవ్వలేదు.
ఏరు దాటి, పాతపట్నం వైపు నుంచి వచ్చింది.
కుర్చీ ఎక్కనంది. కిందే కూకుంటానంది.
ఊగుతున్న పళ్ళు ఐదు, వేలితో కదిపి చూపించింది.
"ఇయ్యి పీకీండి, సాలు."

మేడమ్ అద్దం పైకి తిప్పింది.
అంగిట్లో సున్నం పెచ్చులూడిన గోడలా
తెల్లటి పొలుసు,
మధ్య మధ్య ఎర్రని చుక్కలు.

"ఎన్నాళ్ళబట్టి పిన్నీ?"
"ఏటి?"
"అడ్డపొగ."

నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడానికి
ఒడియాలో మాట నాకు రాదు.
పెన్సిలు తిప్పి పెదాల మధ్య పెట్టి చూపించాను.
మేడమ్ రాస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఊడుపులప్పుడు రెండు సేతులూ బురదే గదమ్మా.
బయటుంటే సినుక్కి ఆరిపోద్ది,
సంకలో పిల్లకి సురకంటుకుంటాది.
లోపలయితే నాకొక్కదానికే గదా."

ఆ చివరి ముక్క
నేను ఒడియాలో చెప్పలేదు.

చిన్న తునక కోసి, సీసాలో వేసి
బరంపురం పంపాం. పన్నెండు రోజులు.
కాగితం మూడో భాషలో వచ్చింది, ఇంగ్లీషులో.
మేడమ్ రెండుసార్లు చదివి ఊపిరి వదిలింది.
కేన్సరు ఇంకా కాలేదు.
ఆ "ఇంకా" అన్న మాట గట్టిగా చెప్పమంది.
గట్టిగానే చెప్పాను.

పళ్ళు తీశాం. పొగ మానింది,
ఆవిడ లెక్క ప్రకారం.
ఆర్నెల్లు, నెలకోసారి, అంగిట్లో దీపం.
పొలుసు పలచబడింది.

రెండో ఆదివారం బరంపురం నుంచి వచ్చే
కట్టుడుపళ్ళ డాక్టరు అచ్చు తీశాడు.
మళ్ళీ వచ్చినప్పుడు మైనంలో పళ్ళు గుచ్చి
నోట్లో పెట్టి చూశాడు.
ఏదైనా మాట్లాడించమ్మా, అన్నాడు.
పళ్ళు సరైన చోట నిలిచాయో లేదో
నాలుక తడిమి చెబుతుందట.

"నీ పేరు సెప్పు పిన్నీ."
ఇన్నాళ్ళూ గాలిలా జారిపోయిన ద
వెళ్ళి తన గోడకి తగిలింది:
దాలమ్మ.

ఇంకోటి కావాలి, స ఉన్నది.
బళ్ళో చ అని రాయించి
ఇంట్లో స అని పలికించే మన స.
"సాప అను పిన్నీ. సేను. సలి."

ఒక్క క్షణం ఆలోచించి,
నేనివ్వని మాట తనే ఎంచుకుని,
"సుట్ట" అంది.

ఈల లేదు, తుంపర లేదు.
డాక్టరు తలూపాడు.
ఏమంది? అని మేడమ్ నావైపు చూసింది.
"బాగా కుదిరాయంది," అన్నాను.

దాలమ్మ చెయ్యి మాత్రం
రొంటిదాకా వెళ్ళి
ముడి లేని చోట
కాసేపు ఆగింది.