లాగ్‌బుక్కులో పదకొండో రోజు

సువామేలో రోడ్డు ఉండదు,
బళ్ళను విప్పి ఆరేసిన నేల ఉంటుంది.
గేర్‌బాక్సుల గుట్ట దాటి, టైర్ల మలుపు తిరిగితే
తుప్పు తలుపుల గోడ పక్కన డార్కో మాస్టారి షెడ్డు.
అఫ్రియే, మెకానికల్ మూడో సంవత్సరం, పన్నెండు వారాలు,
అని రాసిన కాలేజీ ఉత్తరం చూపించాను.
ఆయన ఉత్తరాన్ని కాదు, నా గోళ్ళను చూశాడు.
"చెప్పులు మార్చుకో" అన్నాడు. అంతే.

లాగ్‌బుక్కులో రోజుకొక పేజీ.
తేదీ. చేసిన పని. నేర్చుకున్నది. సంతకం.
మొదటి వారమంతా డీజిల్లో నట్లు కడిగాను.
నేర్చుకున్నది అన్న గడిలో
"విడిభాగాల నిర్వహణ" అని రాశాను.
ఎంత దర్జాగా ఉందో ఆ మాట!
చదివి వినిపిస్తే సెర్వా పగలబడి నవ్వింది.

సెర్వాకి పదిహేడేళ్ళు. ఎనిమిదితో బడి అయిపోయింది.
కళ్ళు మూసుకుని నట్టును వేళ్ళ మధ్య దొర్లించి
పద్నాలుగు, పదిహేడు, ఇదేమో పంతొమ్మిది అనేస్తుంది,
మా పిన్ని కెజెటియా సంతలో టమాటాలు ఏరినట్టు.
"ఎంత బిగించాలి?" అని అడిగాను.
"ఇక చాలు అంటుంది. విను.
విన్నాక ఇంకో పావు తిప్పు."
నాకేమీ వినపడలేదు.
నాకు సూత్రం వచ్చు, బలం ఇంటూ దూరం.

పదకొండో రోజు బెడియాకో ట్రోట్రో వచ్చింది,
వెనక అద్దం మీద పసుపు రంగులో
"తొందరేమీ లేదు" అని రాసుకుని.
హెడ్డు బిగించే పని నాకిచ్చారు.
నడిమి నుంచి అంచులకి, ఇటొకటి అటొకటి,
పుస్తకంలో ఉన్నట్టే.
ఏడో బోల్టు దగ్గర
మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేసినట్టయింది.
పానా తిరుగుతూనే ఉంది. పట్టు లేదు.
లోపల మర తెగిపోయింది.

ఎవరూ అరవలేదు.
మాస్టారు ఆ రంధ్రాన్ని వేలితో తడిమి
కొత్త మర కోసేవాడికి పక్క సందులోకి కబురంపాడు.
"రేపు పొద్దున" అన్నాడు.
బెడియాకో వేళ్ళు మడిచాడు:
బండి ఓనరుకి రోజు బాడుగ,
టిక్కెట్లు కొట్టే కుర్రాడి కూలి,
మూడో వేలు దగ్గర ఆగి, ఆ చేతిని జేబులో పెట్టేసుకున్నాడు.
తర్వాత కాల్చిన అరటికాయ, గుప్పెడు పల్లీలు కొనుక్కుని
పాత టైరు మీద కూర్చున్నాడు.
సగం విరిచి నా వైపు చాచాడు.

పరీక్షలో తప్పు చేస్తే రెండు మార్కులు పోతాయి, నావే.
ఇక్కడ నా తప్పు ఎదురుగా కూర్చుని
పల్లీల పొట్టు ఊదుకుంటోంది.
తిన్నాను. ఆ ముద్ద గొంతులో దిగడానికి
ఎంతసేపు పట్టిందో ఏ గడిలో రాయాలి?

తెగేదాకా లాగొద్దంటారు పెద్దలు.
ఆ సాయంత్రం సెర్వా తెగేదాకా లాగమంది.
ఎందుకూ పనికిరాని ఇంజను ఒకటి దొర్లించుకొచ్చి
నా కళ్ళకి మడ్డి గుడ్డ కట్టింది.
ఒకటి తెంపాను. ఇంకొకటి.
మూడోదీ, నాలుగోదీ.
అయిదో బోల్టు నా మణికట్టులో ఏదో అన్నది.
ఆగాను.

"ఇప్పుడు నీ సూత్రం చూపించు."
రేకు మీద సుద్దతో రాశాను.
చాలాసేపు చూసి "ఇందులో చెయ్యి ఎక్కడుంది?" అంది.
దూరం అన్న చోట వేలు పెట్టాను.
"అందుకా, పానాకి పైపు తొడిగేది!"
మాస్టారిని కేకేసి మరీ చెప్పింది,
ముప్పై ఏళ్ళుగా పైపు తొడుగుతున్న ఆయనకి.

పన్నెండో వారం కాలేజీ నుంచి మేడమ్ వచ్చింది.
పేజీలు తిప్పుతూ పదకొండో దాని దగ్గర ఆగింది.
జిడ్డు వేలిముద్ర, అంటుకున్న పల్లీ పొట్టు,
నేర్చుకున్నది ఖాళీ.
"ఈ రోజు ఏమీ నేర్చుకోలేదా?"
ఆవిడ పెన్నే అడిగి తీసుకుని రాశాను:
ఏడో బోల్టు.
"ఇదేమిటో అర్థం కాలేదు" అంటూనే సంతకం పెట్టింది.

అప్పుడే బయట ఆ పసుపు అక్షరాల బండి
రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళింది.
నా కోసమో,
అడ్డొచ్చిన మేక కోసమో.