ఊట ఆయ్తా

ఓబులేసు కదిరి నుంచి వచ్చాడు.
ప్లాస్టిక్ బకెట్లో పుస్తకాలు, వాటిపైన చెనిక్కాయల మూట.
నాగరభావి హాస్టల్లో మూడు నెలలు
వాడి పేరు ఎవరమూ పూర్తిగా పలకలేదు.
ఓబీ అన్నాం. అదే చనువనుకున్నాం.

మా చర్చావేదిక గురువారాలు,
క్యాంటీన్ వెనక, వెదురుపొద పక్కన.
లోకంలోని ఆకలి లెక్కలన్నీ మాకు కంఠతా.
ఒకసారి లేచి ఏదో అడగబోయాడు.
హెజిమనీ అనే మాట నోట్లో అడ్డం తిరిగింది.
నవ్వాం.
పెద్దగా కాదు. నేనైతే పెదవులు బిగించే నవ్వాను,
ఆ మాత్రం మర్యాద నాకుంది.

వాడికి డెంగ్యూ వచ్చినప్పుడు
మేం సర్కారు ఆసుపత్రుల దుస్థితి మీద కరపత్రం రాస్తున్నాం.
వాళ్లొచ్చారు, నలుగురు.
బొప్పాయాకు రసం, స్టీలు క్యారియర్లో గంజి.
ఒకడు ప్లేట్‌లెట్ల చీటీ పట్టుకుని
రాత్రంతా ఆసుపత్రి మెట్లమీదే కూర్చున్నాడట.
తెల్లారాక లోపలికొచ్చి
"ఊట ఆయ్తా, ఓబులేసూ?" అన్నాడట.
పేరు మొత్తంగా.

ఆ తర్వాత పొద్దున్నే ఆరింటికి మైదానంలో నిలబడ్డాడు.
వరసలో యాస వినబడదు, అప్పు కనబడదు,
భుజానికి భుజం తగులుతుంది, అంతే.
చెనిక్కాయ పంట పోయిన ఏడు
నాన్న నడుములో వంగిపోయిందేదో
వీడి వెన్నులో నిటారయింది.
ఒట్టి చేతులవాడికి వెయ్యేళ్ల వారసత్వం రాసిచ్చారు.
స్టాంపు కాగితం లేదు, సాక్షి సంతకం లేదు.
నేనైనా పుచ్చుకునేవాణ్ణేమో.

ఆ ఆస్తికి గట్టు తగాదా ఉందని
పుచ్చుకున్నాకే చెప్పారు.

మస్తాన్‌ది వీడి గదే.
పోయిన రంజాన్‌లో తెల్లారుజామున స్టవ్ వెలిగితే
వీడూ లేచేవాడు, కోడిగుడ్డట్టులో సగం వీడిదే.
ఇప్పుడూ ఆ వేళకే లేస్తున్నాడు.
స్టవ్ పక్కనుంచే, బూట్లు చేతబట్టుకుని, చప్పుడు కాకుండా.
ఒక్క మాటా అనలేదు, నిజం.
మంచం మాత్రం కిటికీ వైపు జరుపుకున్నాడు.

నిన్న మెట్రోలో ఎదురయ్యాడు.
ఇరవై పేజీల వాదన ఉంది నా దగ్గర,
ఫుట్‌నోట్లతో సహా.
వాడే ముందు అడిగాడు,
"తిన్నావా?"

లేదన్నాను.
సంచిలోంచి ఉడకబెట్టిన చెనిక్కాయలు తీసి
దోసిట్లో పోశాడు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.
మస్తాన్ తిన్నాడా, కనుక్కున్నావా
అని అడగాల్సింది నేను.
నోరు నిండుగా ఉంది.
కెంగేరి వచ్చేసింది.